నవ్వు షాటు

పోయిన వారం కథలో రఘువీర్ నేవాళ్కర్‌ని బుకిట్ బటోక్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద, చదరంగం గళ్ళు గీసిన సిమెంటు బల్ల దగ్గర కూర్చోబెట్టి వదిలేశాను. చేతిలో స్క్రిప్టు చివరి పేజీ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "నేను పండుకోను" అన్నాడాయన. అక్కడ ఆపినందుకు తెనాలి నుంచి ఒకావిడ నాకు అక్షింతలు వేస్తూ ఉత్తరం రాశారు. శవం వేషానికి అంత రాద్ధాంతం ఎందుకండీ, కళ్ళు మూసుకుని పడుకోవడమేగా అని. అమ్మా, ఆ రోజు కీర్తిక కూడా అచ్చం మీలాగే అనుకుంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవారికి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. కీర్తికది బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు వారాలు జీతం లేని సెలవు పెట్టి, ఎనిమిదేళ్ళుగా బుర్రలో మోస్తున్న కథను సినిమా తీస్తోంది. సముద్రం దాటి వచ్చి, ఈ ద్వీపం హార్బర్లో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపిన ఒక తెలుగు ముసలాయన కథ అది. ఆ వేషానికి ఆమె పట్టుకొచ్చిన మనిషే రఘువీర్. హిందీలో నూట నలభై సినిమాల్లో ఇన్‌స్పెక్టరు, జడ్జి, స్మగ్లరు. అలా సంపాదించుకున్న పేరుతో మరాఠీలో తనే డైరెక్టు చేసినవి ఆరు సినిమాలు. ఆ ఆరూ ఇవాళ్టికీ సినిమా కాలేజీల్లో చూపిస్తారు. పుట్టింది ముంబైలో లాల్‌బాగ్ చాల్‌లో, కార్మికుల ఒంటిగది ఇళ్ళ వరసలో. గోడకవతల తెలంగాణ నుంచి వచ్చిన మిల్లు కార్మికులుండేవాళ్ళు కాబట్టి తెలుగు అబ్బింది. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఆ తెలుగును నమ్ముకుని విమానం ఎక్కాడు. పది రోజులు పని బ్రహ్మాండంగా సాగింది.

చివరి పేజీని మాత్రం కీర్తిక ఆయనకు ముందుగా ఇవ్వలేదు. మోసం చేయాలని కాదు, రాయడం అవక. రాస్తూ, కొట్టేస్తూ, ఆఖరికి ఆ శనివారం పొద్దున చేతిలో పెట్టింది. ముసలాయన చనిపోయి, తను ఇరవై ఏళ్ళు కాపురమున్న బ్లాకు కింద, అందరూ నడిచిపోయే ఖాళీ జాగా అయిన వాయిడ్ డెక్‌లో, పెట్టెలో పడుకుని ఉంటాడు. పై అంతస్తులవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చి ఆయన మొహం చూసి పోతారు. ఆ మొహం మీద రెండు నిమిషాలపాటు కెమెరా ఉంటుంది. మిగతా సినిమా అంతా ఆ రెండు నిమిషాల కోసమే. అక్కడ షూటింగుకు ఇచ్చిన పర్మిట్ సాయంత్రం ఆరింటితో సరి. మర్నాడు పొద్దున్నే రఘువీర్ ముంబై వెళ్ళిపోవాలి, అక్కడ టీవీ సీరియల్లో తాత వేషం ఆయన కోసం కాచుకుని ఉంది. ఈ షాటు పడకపోతే కీర్తికకు సినిమా లేదు.

అప్పటికి టైము నాలుగున్నర.

వాయిడ్ డెక్‌లో ఎవరికీ కాలు నిలవడంలేదు. రెండు నిమిషాలకోసారి లిఫ్టు టింగుమని మోగుతోంది. కూరల ట్రాలీతో దిగినవాళ్ళు పెట్టెను చూసి తల వంచుతున్నారు, తర్వాత కెమెరాను చూసి మొహం చిట్లించుకుంటున్నారు. నాలుగో అంతస్తు చైనీస్ ఆంటీ రెండుసార్లు వచ్చి, చనిపోయింది ఎవరని అడిగింది. ఎవరూ పోలేదంటే, ఆమాత్రానికి ఇదంతా ఏమిటన్నట్టు చూసి గొణుక్కుంటూ పోయింది.

పెట్టె తెచ్చింది పైడిరాజు. వంతెన అవతల జొహోర్లో పుట్టిన తెలుగువాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ హిందువుల అంత్యక్రియలకు సామాను సర్దడమే ఆయన పని. వత్తులు చేసిన దూదీ, నుదుట పెట్టే బిళ్ళా, కాలి బొటనవేళ్ళు కట్టే దారమూ అరిటాకులో పెట్టుకుని గంట నుంచి తయారుగా ఉన్నాడు.

"నిజం మనిసైతే ఈపాటికి సర్దేసి మకాన్ తినడానికి ఎళ్ళిపోదును లా" అన్నాడు కీర్తికతో, ఇక్కడివాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలిస్తూ. "బతికున్నోళ్ళతోనే కస్టమమ్మా."

కీర్తికకు నవ్వు రాలేదు. చేతిలోని కాగితాలు విసనకర్రలా ఊపుకుంటూ సిమెంటు బల్ల దగ్గరికి నడిచి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"సర్, ఇంకా గంటన్నర ఉంది."

"ఉన్నది."

"నేనేం తప్పు చేశానో చెప్పండి. పేజీ లేటుగా ఇచ్చాను, సారీ. సీన్ నచ్చలేదా?"

"సీన్ మంచిగున్నది. నేనైతే గింత మంచిగ రాయకపోదును. గందుకే చెప్తున్న, ఇంకెవరినన్న పండుకోబెట్టు."

"ఇంకెవర్ని సర్? రెండు నిమిషాలు కెమెరా మీ మొహం మీదే ఉంటుంది!"

రఘువీర్ బల్ల మీది గళ్ళు వేలితో లెక్కపెట్టాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "నా సినిమాలన్నీ చూసినవ్ గద బేటీ. దేంట్లనన్న సచ్చిననా?"

కీర్తిక ఆలోచించింది. నిజమే. స్మగ్లరుగా వేసినప్పుడల్లా ఆఖర్న బేడీలు పడ్డాయి. ఒక సినిమాలో పిచ్చెక్కింది. ఒక దాంట్లో కొండ మీంచి సముద్రంలో పడ్డాడు, నీళ్ళు ఎగిరాయి, అంతే. శవం కనపడలేదు.

"కాగితం మీద రాయించుకునేటోన్ని" అన్నాడాయన. "నేవాళ్కర్ పీనుగు వేషం వెయ్యడని. ప్రొడ్యూసర్లు నవ్వేటోళ్ళు. నీతోని కాగితం రాయించుకోలే. తెలుగు సినిమా, పోరి పిలిచిందని ఫోన్ల సరే అన్న. అది నా తప్పు."

పది రోజులుగా నిద్ర లేదు. ఆ పిల్లకు ఒళ్ళు మండింది. "అంటే సెంటిమెంటా? మీకా? కొబ్బరికాయ కొట్టకుండా ముహూర్తం షాటు తీసిన మనిషి కదా మీరు! మీ ఇంటర్వ్యూలన్నీ చదివాను నేను. ఇలాంటివాటిని నమ్మేవాళ్ళను మీరు తిట్టిన తిట్లు నాకు నోటికొచ్చు."

రఘువీర్ బల్ల మీద గట్టిగా చరిచాడు. లైట్లు సర్దుకుంటున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"అరె, నమ్మకుంట ఉన్నందుకే గద!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన సినిమాలవాళ్ళలో, ఏ భాషవాళ్ళయినా సరే, ఒక అలవాటుంది. శవం వేషం వేసిన మనిషిని షాటు అవగానే లేపుతారు. కెమెరాలోకి చూసి నవ్వమంటారు. ఆ నవ్వును కూడా నాలుగు సెకన్లు తీస్తారు. దిష్టి పోవడానికి. సినిమాలో అది ఎక్కడా వాడరు, తీయకుండా మాత్రం ఇంటికి పోరు. నవ్వు షాటు అంటారు దాన్ని.

రఘువీర్ గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎనభై మూడో సంవత్సరం. ఆయన డైరెక్టు చేసిన వాటిలో పేరు మోసిన మిల్లు సినిమా. మూతపడిన మిల్లు గేటు ముందు రోడ్డు మీద ఒక కార్మికుడు చచ్చి పడి ఉండటంతో అది అయిపోతుంది. ఆ వేషం వేసినవాడు వెంకటరాజు. చాల్‌లో గోడవతల మనిషి, మిల్లులో మగ్గం నడిపేవాడు, సాయంత్రాలు నాటకాలాడేవాడు. రఘువీర్‌కి తెలుగు నేర్పింది అతనే.

"టేక్ ఓకే అయింది. కెమెరాల ముప్ఫై అడుగుల ఫిల్ము మిగిలింది. నవ్వు షాటు తీద్దమని కెమెరామన్ అన్నడు. నేను తిట్టిన. ముప్ఫై అడుగులతోని మిల్లు చిమ్నీ తీసుకుంట, గీ పిచ్చి పనికి ఫిల్ము పారపోస్తనా అన్న. వెంకటరాజు గూడ అడిగిండు. నాలుగు సెకన్లే గద రఘూ, నవ్వుతనే అని. లెవ్వు లెవ్వు, మొహం కడుక్కో అన్న." ఆయన జేబులోని పేజీ తడుముకున్నాడు. "పొద్దుమూకకముందే పోయిండు. గుండె. నమ్మకాలు లేవన్నోన్ని గద, అప్పటిసంది నేను పండుకోలే."

ఆ మిల్లు సినిమా ఆఖరి షాటు కీర్తికకు బడి. ఆ షాటును రెండొందలసార్లు చూసి ఉంటుంది. పెదవి మీద ఈగ వాలినా కదలని ఆ మనిషిని చూసే తను కూడా సినిమా తీయాలనుకుంది. ఈమధ్యే కొత్తగా శుభ్రం చేసిన ప్రింటు వస్తే, ఆ ముక్కను ఫోన్లో పెట్టుకుని యూనిట్ అందరికీ చూపించింది. ఇలాంటి షాటు కావాలి మనకు అని. బట్టలు చూసుకునే హైమావతి ఆంటీ ఒక్కతే మాత్రం, తర్వాత చూస్తాలే అని లేచి వెళ్ళిపోయింది.

హైమావతి ఎందుకు రఘువీర్‌కి ఎదురు పడదని అడుగుతూ నాకు మూడు ఉత్తరాలొచ్చాయి. మీ కళ్ళు చల్లగుండ. యాభై రెండేళ్ళ మనిషి, బెడోక్‌లో ఉంటుంది, భర్త ఇన్సూరెన్సు కంపెనీలో పెద్ద ఉద్యోగి. సినిమా పని ఎప్పుడూ చేసి ఎరగదు. కీర్తిక సినిమాకు బట్టలు చూసుకుంటానని తనంతట తనే వచ్చి అడిగింది. పది రోజులుగా ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకు ట్రైన్లో వస్తోంది, ఆయన పంచెలు ఇస్త్రీ చేస్తోంది, వాటిని మాత్రం ఇంకొకరి చేత పంపుతోంది. ఆ సాయంత్రం సిమెంటు బల్లకు పది అడుగుల దూరంలో కూర్చుని ఆయన చొక్కాకు బొత్తాం కుడుతోంది. ఆయన చెప్పినదంతా విన్నది. ఆఖరి మాట విన్నాక సూది గుడ్డలోనే వదిలేసి లేచి నిలబడింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

"మనం తీద్దాం సర్" అంది కీర్తిక. "షాటు అయిన మరుక్షణం నవ్వు షాటు తీద్దాం. నాలుగు సెకన్లు కాదు, నలభై సెకన్లు తీస్తాను. మీరు ఎంతసేపు నవ్వితే అంతసేపు."

రఘువీర్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయనా ఒకప్పుడు డైరెక్టరే. ఆ వయసులో, ఆ ఆత్రంలో, ఎదుటివాళ్ళకు ఏ మాటయినా ఇచ్చేస్తారని ఆయనకు తెలుసు.

"మాట తప్పవు గద?"

"తప్పను."

ఆయన మోకాళ్ళ మీద చేతులూని లేచాడు.

అయిదూ ఇరవైకి పెట్టెలో పడుకున్నాడు. పైడిరాజు ముక్కులో దూది పెట్టాడు, నుదుట బిళ్ళ అంటించాడు, బొటనవేళ్ళు కలిపి కట్టాడు. అది అతనికి చెయ్యి తిరిగిన పనేగా, నిజం మనిషికి చేసినంత నెమ్మదిగా చేశాడు. కెమెరా శ్రీనాథ్‌ది. ఇక్కడే పుట్టి పెరిగిన ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. కీర్తిక "యాక్షన్" అంది.

పైవాళ్ళ వేషాలు వేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పోయారు. లిఫ్టు ఒక్కసారి కూడా మోగలేదు. రఘువీర్ మొహం నిజంగానే పోయినవాడి మొహమైపోయింది. చూస్తున్న కీర్తికకు ఒంటి మీద రోమాలు లేచాయి. రెండు నిమిషాలయ్యాక "కట్" అంది.

"లేవండి సర్! నవ్వండి!"

పైడిరాజు గబగబా దూది తీశాడు. రఘువీర్ పెట్టెలోనే లేచి కూర్చుని కెమెరాలోకి చూశాడు. మొదట పెదాలు కదలనే లేదు. "నాకియ్యాల్సిన అంగ్‌పావ్ డబ్బులియ్యకుండా ఎక్కడికి పోతావ్ తాతా" అన్నాడు పైడిరాజు. అప్పుడు వచ్చింది నవ్వు. పళ్ళన్నీ కనపడేలా, భుజాలు ఎగిరేలా నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ వచ్చి చూస్తున్న చైనీస్ ఆంటీ కూడా నవ్వేసింది. కీర్తికకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరం రెండు నిమిషాలే.

"అక్కా" అని పిలిచాడు శ్రీనాథ్ మానిటర్ దగ్గర నుంచి. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "సారీ, అక్కా. లాస్ట్ థర్టీ సెకన్స్ ఆల్ సాఫ్ట్. ఫోకస్ పోయింది. మై ఫాల్ట్ లా."

కీర్తిక పరిగెత్తి వెళ్ళి చూసింది. నిజమే. కెమెరా దగ్గరికి వెళ్ళేసరికి మొహం అలుక్కుపోయింది. కావలసిన ముక్క సరిగ్గా అదే. గడియారం అయిదూ నలభై ఒకటి చూపిస్తోంది. ఇంకో టేకుకు టైముంది. ఒక్కటంటే ఒక్కదానికి.

ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే అనేది కాదేమో.

"సర్, మళ్ళీ ఒక్కసారి పడుకోండి. ఒక్కటే టేకు. ప్లీజ్."

రఘువీర్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కాదనలేదు. డైరెక్టరు అడిగింది, ఆయన యాక్టరు, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ అలవాటు పోదు. చేతులు పెట్టె అంచుల మీద పెట్టి, మెల్లిగా వెనక్కి వాలడం మొదలుపెట్టాడు.

"వద్దు!"

అరిచింది హైమావతి. పది రోజులుగా ఆమె గొంతు పెద్దగా ఎవరూ వినలేదు. ఒక్క ఉదుటున వచ్చి ఆయన జబ్బ పట్టుకుంది.

"లెవ్వు రఘు కాకా. నవ్వినంక మళ్ళ పండుకోవద్దు."

ముంబైలో ఆయన్ని అందరూ నేవాళ్కర్ సాబ్ అంటారు. రఘు కాకా అన్నది ఒక్క చాల్‌లో పిల్లలే. రఘువీర్ ఆమె మొహం కేసి చూశాడు.

"ఎవరి బిడ్డవమ్మా?"

"వెంకటరాజు బిడ్డను. హైమను. మిల్లు గేటు కాడ మీ కెమెరా ట్రాలీ మీద కూసున్న పోరిని."

కీర్తిక చేతిలో కాగితాలు జారి నేల మీద పరుచుకున్నాయి. ఎవరూ తీయలేదు.

"గా బల్ల కాడ అబద్ధం ఎందుకు చెప్పినవ్ కాకా?" అంది హైమావతి. ఏడవడం లేదు. "నవ్వు షాటు తీసిండ్రు. నేను చూసిన. మా నాయిన లేచి కూసోని కెమెరాలకు చూసి నవ్విండు. నా దిక్కు చూసి గూడ నవ్విండు. ఇగ ఇంటికి పోతమనుకున్న. అప్పుడు నువ్వు మళ్ళ పండుకోమన్నవ్. చెరుకు రసం తాపిస్తమని నన్నెవరో దూరం తోలుకపోయిండ్రు. తిరిగొచ్చేసరికి నాయినను టాక్సీల పండబెట్టిండ్రు. నాకు పదకొండేండ్లు. నలభై ఏండ్లసంది గదొక్కటే అడుగుతున్న, నన్ను నేను. నవ్వినోన్ని మళ్ళ ఎందుకు పండబెట్టిండు అని. అది అడుగుదమనే వచ్చిన ఈడికి. పది దినాలాయె, నోరు లెవ్వలే."

రఘువీర్ పెట్టెలో అలాగే కూర్చున్నాడు. కాలివేళ్ళకు దారం ఇంకా ఉంది.

"కెమెరాల వెంట్రుక పడ్డది" అన్నాడు. ఫిల్ము కాలంలో అది మామూలే. షాటు అయ్యాక కెమెరా తెరిచి చూస్తే ఫిల్ము నడిచే దారిలో సన్నటి పోగు కనిపించేది, తీసినదంతా పాడయ్యేది. "నవ్వు షాటు అయినంక చూసుకున్నం. మొదటి టేకు ఖరాబు. ఎండ పోతున్నది. ఇంకొక్కసారి రాజూ అన్న. వాడు నవ్వులాటకు, అరె నవ్వినోన్ని మళ్ళ సంపుతవా అన్నడు. పండుకున్నడు."

"తర్వాత?"

"ఈగ వచ్చింది."

ఆ మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది. చెయ్యి గొంతు దాకా పోయి మళ్ళీ ఒళ్ళో పడింది.

"మీ నాయినకు ఈగలంటే పడదు హైమా. పళ్ళెం మీద వాలితే అన్నం వదిలి లేచేటోడు. గసొంటోని పెదవి మీద ఈగ నడుస్తున్నది. కదలలే. మొదటి టేకుల నేను చూసిన, కొంచెం కొంచెం ఊపిరి కనపడుతుండె. రెండోదాంట్ల కనపడలే. నాకు తెలిసిపోయింది."

"తెలిసి?"

రఘువీర్ ఆమె వైపు చూడలేదు. కీర్తిక వైపు చూశాడు. నీకయితే అర్థమవుతుందన్నట్టు. కీర్తికకు అర్థమైంది. అర్థమైనందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

"షాటు మంచిగ వస్తున్నది" అన్నాడాయన. "నేను కట్ చెప్పలే."

లిఫ్టు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు ఈ మొహాలు చూసి, మాట్లాడకుండా గోడవారగా నడిచి పోయారు. పైడిరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సినిమా కోసం కాదు.

"ఎంతసేపు?" అడిగింది హైమావతి.

కీర్తికకు ఆ జవాబు తెలుసు. తన నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకుంది.

"మొత్తం షాటు నూట పన్నెండు సెకన్లు ఆంటీ. ఈగ వాలేది ఇరవయ్యో సెకనుకి."

హైమావతి ఆమె వైపు తిరిగింది. "అది నీ ఫోన్ల ఉన్నదన్నవ్ గద. పెట్టు. మా అమ్మ బతికున్నన్ని దినాలు నన్ను ఆ సినిమా చూడనియ్యలే. ఆమె పోయినంక నాకు ధైర్యం రాలే. ఇప్పుడు పెట్టు. ఈయన గూడ చూడాలె."

"నేను గూడ చూడలే" అన్నాడు రఘువీర్. "ఎడిటర్ చేతుల పెట్టి బయటికి పోయిన. వాడు ఒక్క ఫ్రేము కొయ్యలే. ఎన్ని దేశాలల్ల చూపెట్టిండ్రో, ఆఖరి రీలు రాకముందే నేను లేచి పోయేటోన్ని."

"అక్కా, ట్వెల్వ్ మినిట్స్" అన్నాడు శ్రీనాథ్ నెమ్మదిగా. "లైట్ స్టిల్ కెన్, సరిపోతుంది. కానీ, ఇప్పుడైతేనే లా."

పన్నెండు నిమిషాలు. రఘువీర్ పెట్టెలోనే ఉన్నాడు. ఇప్పుడు పడుకోమంటే ఆ ముసలాయన పడుకుంటాడు, హైమావతి వద్దన్నా పడుకుంటాడు, అంత తప్పు మోస్తున్నవాడు ఏ శిక్షకయినా ఒప్పుకుంటాడు. ఎనిమిదేళ్ళ సినిమా చేతికి వస్తుంది. కీర్తికకు ఆశ పుట్టింది, దాన్ని దాచను. తర్వాత ఏడుపొచ్చింది. సంచిలోంచి ఫోను తీసింది.

"లైట్లు ఆర్పెయ్ శ్రీనాథ్."

పెట్టె అంచు మీద ఫోను ఆనించి పెట్టింది. రఘువీర్ లోపల, హైమావతి పక్కన, ఇద్దరూ ఒకే తెర మీదికి వంగారు. కీర్తిక ప్లే నొక్కింది.

మిల్లు గేటు. ఎండ. రోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్న నలభై నాలుగేళ్ళ మనిషి. హైమావతి కంటే చిన్నవాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కెమెరా మెల్లిగా దగ్గరికి పోయింది. ఈగ వచ్చి పెదవి మీద వాలింది. అటు నడిచింది, ఇటు నడిచింది. రఘువీర్ కళ్ళు మూసుకుని, మళ్ళీ బలవంతంగా తెరిచాడు. ఈగ ఎగిరిపోయింది. కెమెరా ఇంకా దగ్గరికి పోతూనే ఉంది.

ఇన్నేళ్ళుగా ఆ షాటు చూసినవాళ్ళందరూ ఆ ఈగనే చూశారు. దాని మీద వ్యాసాలు రాశారు. కీర్తిక రెండొందలసార్లు ఆ ఈగనూ, కెమెరా నడకనూ చూసింది. ఈగ పోయాక ఎవరూ పెద్దగా చూసేది లేదు. హైమావతి మాత్రం మొదట్నుంచీ తండ్రినే చూస్తోంది.

"ఆపు" అంది.

కీర్తిక ఆపింది.

"వెనక్కి పెట్టు. ఇంకొంచెం. గిక్కన్నుంచి చూడు."

ముగ్గురూ చూశారు. తొంభై ఏడో సెకను. గడ్డం కింద, గొంతు మధ్యలో, చర్మం ఒక్కసారి పైకి లేచి దిగింది.

హైమావతి మళ్ళీ వెనక్కి పెట్టమంది. మళ్ళీ లేచి దిగింది.

రఘువీర్ ఫోను లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆయన నోట్లోంచి మాటలాంటిదేదో వచ్చింది, అది ఏ భాషో ఎవరికీ తెలియలేదు.

"గుటక మింగిండు" అంది హైమావతి. "ఈగ ఉన్నంతసేపు వేషం కోసం ఓర్చుకోని, అది పోయినంక మింగిండు కాకా. నువ్వు సచ్చిండనుకోని చూస్తున్నప్పుడు మా నాయిన బతికే ఉన్నడు."